మందు పెట్టిన పన్ను

నోరు తెరిచి పట్టుమన్నది డాక్టరమ్మ. భూలక్ష్మి తెరిచింది. ఇగ ఆ నోరు తనది కాకుండా పోయింది. పై పెదవి కింద ఒక దూది చుట్ట, నాలుక పక్కన ఇంకో దూది చుట్ట, గదువ కింద తుండుగుడ్డ, మొఖం మీద కండ్లలో పొడిచే పెద్ద దీపం. ఒక్క మాట అడగాలె, ఒక్కటంటే ఒక్కటే. దాని కోసమే కోడి కూయకముందు లేచి, మాదాపూర్ నుంచి యూసుఫ్‌గూడ దాకా పిల్లను సంకనేసుకొని బండల నడుమ బాట పట్టి నడిచి, బస్సెక్కి, ఈ పండ్ల దవాఖాన మెట్ల మీద చీటీ పట్టుకొని కూర్చున్నది. దారి పొడుగునా ఆ మాటను నోట్లోనే పెట్టుకొని నమిలింది, ఎక్కడ మొదలుపెట్టాలె, అమ్మా అనాలెనా మేడం అనాలెనా, పాలు అనే మాట ముందు అనాలెనా పిల్ల అనే మాట ముందు అనాలెనా. తీరా పిలుపు వచ్చి లోపలికి పోతే "కూర్చోండి, నోరు తెరవండి" అన్నది డాక్టరమ్మ, అంతే. అడిగే నోటినే అప్పజెప్పినంక అడుగుడెట్ల. బయట వరండాలో పిల్ల సక్కు ఏడుస్తున్నది.

అది ఆకలి ఏడుపు. పిల్ల ఏడుపుల్లో రకాలు తల్లికి ఎవరూ నేర్పియ్యరు, వాటంతట అవే తెలుస్తయి. నిద్రకు ఏడిస్తే నడుమ నడుమ ఆగి చుట్టూ చూస్తది, కడుపునొప్పికి ఏడిస్తే మోకాళ్ళు ముడుచుకుంటది, ఆకలికి ఏడిస్తే మాత్రం ఒక్కటే తీగ, తెగని తీగ. అత్త నీలమ్మ భుజానేసుకొని అటూ ఇటూ తిరుగుతుండొచ్చు, సీసాలో పోసి తెచ్చిన బర్రెపాలు చెంచాతో తాపుతుండొచ్చు, సక్కు మూతి తిప్పుతుండొచ్చు. ఎనిమిది నెలల పిల్లకు ఎనిమిది దినాల నుంచి తల్లి పాలు లేవు. బర్రెపాలు పట్టినప్పటి నుంచి నీళ్ళ విరేచనాలు. దారం కట్టినట్టు మడతలు పడి ఉండే మణికట్లు సన్నగైనయి. నిన్న మాపటేల తలకు నూనె పెడుతుంటే, నడినెత్తిన మెత్తటి చోటు వేలు కింద గుంటలా తగిలింది. ఆ వేలు ఇప్పటికీ చల్లగనే ఉన్నట్టున్నది. తీగ లాంటి ఆ ఏడుపు చెవిన పడగానే రవిక లోపల సుర్రుమన్నది, పాలు దిగినయి, పాలకు తెలివి లేదు గదా, ఎవరు ఇయ్యొద్దన్నరో ఎందుకు ఇయ్యొద్దన్నరో వాటికి తెల్వదు, పిల్ల పిలిస్తే వస్తయి. భూలక్ష్మి రెండు మోచేతులు రొమ్ముకు అదిమి పట్టింది. "కదలకండి" అన్నది డాక్టరమ్మ.

డాక్టరమ్మ పేరు పుణ్యవతి. తెల్ల కోటు మీద బిల్ల ఉంటది. ఏడో తరగతి చదువు ఆ పేరు కూడబలుక్కునేటందుకు అక్కరకొచ్చింది. ఆంధ్ర దిక్కు మనిషి, ఇంకా నేర్చుకుంటున్న డాక్టరు, తనకంటే రెండేండ్లు పెద్దదుంటదేమో. కిందటి మంగళవారం ఇదే కుర్చీలో, ఇదే దీపం కింద, పన్నును గిర్రగిర్ర తొలిచి చెప్పింది. "నరం బతికే ఉందండి, అందుకే అంత పోటు. మందు పెట్టాం. వారంలో చచ్చిపోతుంది. మళ్ళీ మంగళవారం వచ్చేయండి." నవ్వుకుంటనే చెప్పింది. చచ్చిపోతుందన్న మాట సుత నవ్వుకుంటనే. పక్కన గిన్నెలు కడిగే ఆయమ్మ వంగి చెవిలో అన్నది, "ఉమ్మెయ్యి బిడ్డా, మింగకు, ఇసం గది." ఉమ్మింది. మూడుసార్లు ఉమ్మింది. కానీ మొదటిసారి ఉమ్మకముందు కొద్దిగ మింగిందా? మింగిందేమో. గొంతు అంతకుముందే ఒకసారి కదిలింది, ఆ కదిలిందాంట్ల ఏం పోయిందో ఎవరు చూసిండ్రు.

మందు అంటే భూలక్ష్మి ఊర్లో మూడు. దగ్గొస్తే తాగేది మందు, దానికి ఎవరూ భయపడరు. రాళ్ళు కొట్టే కాడ బండకు బొక్క కొట్టి కూరేది మందు. "మందు పెట్టిన్రో" అని కేక వినబడితే మేకలు సుత పరుగందుకుంటయి. మూడోది ఎవరూ గట్టిగ అనరు. అన్నంలోనో, తమలపాకులోనో కలిపి, గిట్టనోళ్ళకు పెట్టేది. అది తిన్న మనిషి తిండి సయించక, ఒంట్లో నీరు లేకుండ, ఎండుపుల్ల అయిపోతడు. కొండాపూర్‌లో ఒక ముసలామె పసరు తాపి అది కక్కిస్తదంటరు. దగ్గు మందును పెట్టుడు అనరు, తాపుడు అంటరు. పుండుకైతే పూస్తరు. పెట్టుడు అనేది ఒక్క బండకు, ఒక్క మనిషికి. ఏది పెట్టినా పగలాలె, అందుకే పెడతరు. ఆ మాట చదువుకున్న డాక్టరమ్మ నోట వచ్చినా గంతే బరువు, ఇంకా ఎక్కువ. పల్లెటూరి మనిషి అబద్ధమాడొచ్చు గానీ తెల్లకోటు ఎందుకాడుతది.

పోనీ తను తప్పుగ విన్నదనుకున్నది. ఆ దినమే కొత్తగూడ బడికి పోయి, చీటీ తీసి యజ్ఞనారాయణ సారుకు చూపించింది. తనకు ఏడో తరగతి చెప్పిన సారు, గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయినోడు. మొన్నటి ప్రత్యేక తెలంగాణ లొల్లిలో ఇంటికి తాళమేసి పోయి నాలుగు నెలలకు మళ్ళీ వచ్చి, ఏమీ జరగనట్టు గంట కొట్టి పిల్లలను లోపలికి పిలిచిన మనిషి. "ఏమ్మా భూలక్ష్మీ, మళ్ళీ బళ్ళో చేరతావా ఏంటి? బెంచీ ఖాళీగానే ఉంది" అని నవ్వి, కండ్లద్దాలు నుదుటికెక్కించి చీటీ చదివిండు. "ఆర్సెనిక్ అని రాశారు. అంటే పాషాణం. ఎలకలకి పెడతారే, అది. పంటికి పెట్టారా? చిత్రంగా ఉందే. సర్లే, వాళ్ళు తెలిసే పెడతారులే." ఆ ఆఖరి మాట భూలక్ష్మి చెవిదాకా రాలేదు, చెవులు ఎలకల కాడనే ఆగిపోయినయి. పిల్లకు పాలియ్యొచ్చునా సారూ అని అడుగుదామనుకున్నది. పాల సంగతి మొగోళ్ళ ముందట, అందులో పాఠం చెప్పిన సారు ముందట, ఏ నోటితోని అంటది. కొంగు నెత్తికి కప్పుకొని వచ్చేసింది. వచ్చేసరికి సక్కు తలుపు కాడికి పాక్కుంట వచ్చి కాళ్ళు పట్టుకున్నది, పైకి చూసి నోరు తెరిచింది, అప్పుడు మొదటిసారి ఎత్తుకోకుండ పక్కకు జరిగింది. ఎలక తిన్న విషం ఎలకను చంపుతది. ఆవు మేసిన గడ్డి పాలల్ల వాసనొస్తది. అన్నీ తెలిసినయే, కలుపుకుంటే సరిపాయె.

డాక్టరమ్మ పోయినసారి పంటి మీద నొక్కిన సిమెంటు గీకి తీసింది. లోపలి నుంచి ఆవగింజంత దూది, దానికి బూడిదరంగు మరక, పళ్ళెంలో పడ్డది. అదేనా అది? గంతేనా? ఆవగింజంత దానికి ఒక ప్రాణి చచ్చిందంటే, అదెంత మందు కావాలె. ఇప్పుడు తీసేసిండ్రు గదా, తీసేస్తే పోయినట్టేనా, ఎనిమిది దినాలు ఉన్నది గదా లోపల, ఎనిమిది దినాల్లో అది ఎక్కడి దాకా నడిచి పోయిందో.

చీమలను చూసింది గదా. మూడో దినం పాలు గడ్డకట్టి రవిక తగిలితే ప్రాణం పోయినట్టయితే, అత్త చూడకుండ ఇంటి వెనక బండ చాటుకు పోయి పిండుకున్నది. పిండిన పాలు నేల మీద పొయ్యొద్దు, ఎవరన్న తొక్కితే రొమ్ము ఎండుతదంటరు. చెట్టు మొదట్లోనన్న పొయ్యాలె, గోడకన్న చిమ్మాలె. ఆమె బండ మీద పిండింది, కావాలనే. నల్ల చీమలు వచ్చినయి, బారుకట్టి తాగినయి. కూర్చొని చూసింది, పొద్దుగూకే దాకా. ఏ చీమా చావలేదు. తెల్లారి పోయి చూస్తే బండ మీద ఒక్క చీమ లేదు. చచ్చి గాలికి పోయినయా? తాగి ఇంటికి పోయినయా? చీమలు ఎట్ల చస్తయో, చస్తే ఎక్కడుంటయో, బడిలో సుత ఎవరూ చెప్పలేదు. ఆ తెల్లటి మరక మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డది. అత్తకేమో పాలు ఇంకిపోయినయని చెప్పింది. నీలమ్మ నమ్మలేదు, నమ్మక ఏం చేస్తది. వెల్లిగడ్డలు కాల్చి పెట్టింది, బొబ్బెర్లు ఉడకబెట్టి తినమన్నది, సాయంత్రం గడపలో కూర్చొని కోడలి మొఖంలోకి చూసుకుంట అన్నది, "ఎనిమిది నెలలకే ఇంకుడేందే. నేను సాయిలుకు మూడేండ్లిచ్చిన. నీకెవలన్న మందు పెట్టిన్రా?" భూలక్ష్మి గిన్నె తీసుకొని లోపలికి పోయి మనసులోనే అన్నది. పెట్టిండ్రు అత్తమ్మ. నేనే నోరు తెరిచి పెట్టించుకున్న.

మొగుడు సాయిలు ఉంటే చెప్పునేమో. ఉంటే కూడ చెప్పకపోవునేమో. తెల్లాపూర్ దిక్కు రైలుకట్టకు కంకర కొట్టే పనికి పోయి పదిహేను దినాలకోసారి వస్తడు, వచ్చినంక పిల్లను ఎగరేసి, తిని, పండుకుంటడు. ఈ పన్ను ఆయన కోసమే గదా. కాదు, తన కోసమే. పైన నడుమ పన్ను, పెళ్ళయిన ఏడు బండ పేల్చినప్పుడు రాయి చెక్క ఎగిరొచ్చి తగిలి, ఓరకు చిట్లింది. మూడేండ్లు ఊరకున్నది. పిల్ల పుట్టినంక మొదలైంది పోటు, చల్లనీళ్ళు తాగితే నెత్తి దాకా సూది గుచ్చినట్టు. "పీకిచ్చేయ్ పోరీ, నువ్వేం సినిమాలల్ల చేస్తవా" అన్నది అత్త. మంగలి సీతారామయ్య పట్కారు పెట్టి గుంజుతడు, మెట్లెక్కే పని లేదు, బస్సు లేదు. భూలక్ష్మికి మాత్రం నడుమ పన్ను లేని నవ్వు కండ్ల ముందట నిలబడ్డది, ఇరవై రెండేండ్లకే ముసల్ది. పై పన్ను పీకితే కండ్లు పోతయంటరు అత్తమ్మ అన్నది. ఆ మాట తను నమ్మలేదు, అడ్డం పెట్టుకున్నది. ఇక్కడికొస్తే ఈ డాక్టరమ్మ, "పీకక్కర్లేదండి, కాపాడొచ్చు, మేం ఊరికే చేస్తాం, మాకూ చెయ్యటం వస్తుంది" అని నవ్వింది, తనూ నవ్వింది. నవ్వు కోసం నవ్వుకుంట ఒప్పుకున్నది. ఇప్పుడు ఆ నవ్వు వరండాలో ఏడుస్తున్నది.

"కాస్త ఓపిక పట్టండి" అని డాక్టరమ్మ ముళ్ళున్న సన్న సూది లోపలికి దింపి, తిప్పి, మెల్లగ పైకి లాగింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవుడే భయమైంది. సూది కొసకు ఎర్రటి పోగు, తడిసిన దారం పోగు, రెండు పెసరగింజలంత పొడుగుంటదేమో. "ఇదిగో, మీ నరం. ఇదే మిమ్మల్ని నిద్రపోనివ్వంది" అని దీపం ముందర పెట్టి చూపించింది. ఇంతేనా. ఇంత దారం పోగు బతికున్నందుకు నేను గోడలు పట్టుకొని తిరిగిన్నా. దీన్ని చంపెటందుకు పిల్లకు పాలు బందు చేసిన్నా. పుట్టినప్పటి నుంచి తన లోపల ఉన్నది ఒకటి, ఎవరూ అడగకుండ, ఎవరికీ చెప్పకుండ, చచ్చి, పళ్ళెం అంచుకు అంటుకొని ఉన్నది. దాని దిక్కు నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

తరువాత సన్న సూదులు. ఒక్కో సూదికి ఎర్రటి రబ్బరు ముక్క గుచ్చి, కొలపుల్ల మీద పెట్టి, రబ్బరును జరిపి, ఇంతే లోతు, దీనికంటే పోవద్దు అన్నట్టు గుర్తు పెట్టుకున్నది. గరగర, గరగర, పన్ను లోపలి గోడ గీకుతున్నది. ఆ చప్పుడు చెవికి బయట నుంచి రాదు, ఎముక లోపలి నుంచి వస్తది. ఆ చప్పుడు భూలక్ష్మికి ఎరుకే. నాయిన గడ్డపార ఎత్తి వేసి, జరంత తిప్పి, మళ్ళీ ఎత్తి వేస్తుంటే బండ లోపలి నుంచి ఇదే చప్పుడు వచ్చేది. నాయిన పేరు ఐలయ్య, మాదాపూర్ బండల మీద ఆయన కొట్టిన బొక్క వంకర పోయిందని ఎవరూ అనలేదు. ఆయనా గుర్తు పెట్టేటోడు, తుమ్మ పుల్లకు దారం ముడేసి, ముడి బండను తాకితే లోతు సరిపోయినట్టు. డాక్టరమ్మ గాజు పిచికారీ తీసుకొని, వంచిన సూది పంట్లోకి పెట్టి, నీళ్ళు కొట్టింది. పుల్లటి, మండే వాసన, వాంతుల గత్తర వచ్చిన ఏడు పంచాయతీ మనిషి బాయిలో పోసిన సున్నం లాంటి పొడి వాసన. నీళ్ళు పన్ను లోపలికి పోయి, మురికి పట్టుకొని తిరిగొచ్చినయి. మళ్ళీ సూది, మళ్ళీ గరగర, మళ్ళీ నీళ్ళు. ఈసారి ఇంకో సీసా నీళ్ళు, అవి బుసబుస నురుగొచ్చినయి, బట్టలుతికినట్టు. గీకుడు, కడుగుడు, గీకుడు, కడుగుడు. ఇది నా పని గదా, అనుకున్నది భూలక్ష్మి. నీళ్ళు పోసేది నేనే గదా.

అప్పుడు పన్నెండేండ్ల పిల్ల, బొక్క పక్కన గొంతుక్కూర్చొని, నాయిన గడ్డపార ఎత్తినప్పుడల్లా గిలాసతోని కొన్ని నీళ్ళు పోసేది. నీళ్ళు పొయ్యకుంటే రాతిపిండి గట్టిపడి గడ్డపార దిగదు. పోస్తే బురదైతది, ఆ బురదను కొస సాగగొట్టిన ఇనుప కడ్డీతోని తోడి బయట పొయ్యాలె. లోతు సరిపోయినంక, కట్టెకు గుడ్డ చుట్టి, బొక్కను పొడిగ తుడవాలె. ఒక్కసారి కాదు, గుడ్డ పొడిగ వచ్చేదాక. పొడిగ లేకుంటే మందు సరిగ అంటుకోదు, ఉండుండి అంటుకుంటది. ఆ దినం బడిలో లెక్కల పరీక్ష. మూడో బొక్క తోడింది, ఒక్కసారి తుడిచింది, గుడ్డ తడిగనే వచ్చింది. యజ్ఞనారాయణ సారు గంట అప్పటికే వినబడుతున్నది, గాలికి అట్లా ఎగిరొస్తది బండల మీదుగ. అయిపోయింది నాయినా అన్నది. అయిపోయిందా బిడ్డా అన్నడు నాయిన. ఆఁ అన్నది. పరిగెత్తింది. రెండు బొక్కలు పేలినయి, మూడోది పేలలేదు. తడిసినట్టుంది, ఆరిపోయిందనుకున్నడు నాయిన, అడుగుడెవర్ని, అనుకున్నడు, అంతే, దగ్గరికి పోయి వంగిండు. కుడి కన్ను పోయింది. లెక్కల పరీక్షలో ఎన్నొచ్చినయో భూలక్ష్మి పోయి చూసుకోలేదు, మళ్ళీ ఆ బడికి పోనేలేదు. అందరూ నాయినకు కన్ను లేక చదువు మాన్పిండనుకున్నరు. తుడవలేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. నాయిన ఎన్నడూ అడగలేదు. ఆయనకు తెలుసు. ఒక్క కన్నుతోని చూసేటప్పుడు తెలుసన్నట్టే చూసేటోడు, బతికినన్ని దినాలు.

"ఉమ్మండి" అన్నది డాక్టరమ్మ. భూలక్ష్మి కుర్చీలోంచి లేచి గిన్నెలోకి వంగింది. ఇప్పుడే. ఇదే సందు. "అమ్మా, పాలు" అన్నది. నోటిలో దూది, దాని ఒత్తుడుకు పెదవి మొద్దు, మాట సగం నానింది. "పళ్ళా?" అన్నది డాక్టరమ్మ, సూదులు ఏరుకుంటూ, "మిగతా పళ్ళన్నీ రాళ్ళేనండి మీకు. వేపపుల్లేనా?" అని మళ్ళీ తల వెనక్కి వంచింది. ఆమెకు పళ్ళు, మాకు పండ్లు, పాలు ఎటు పోయినయో. సక్కు ఏడుపు సన్నబడ్డది, గొంతు జీరబోయింది. నీలమ్మ ఏదో అంటున్నది, "ఇగో వస్తది మీయమ్మ, ఇగో" అని. ఇగో ఇగో అని ఎంతసేపు.

ఇంకోసారి పిచికారీ, ఇంకోసారి ఉమ్ము. ఈసారి దూదిని నాలుకతో పక్కకు నెట్టి, ఒక్కో అక్షరం పలక మీద దిద్దినట్టు అన్నది. "పాలియ్యొచ్చునా?" డాక్టరమ్మ తల ఊపింది. "పాలా? తాగొచ్చండి. మరీ వేడిగా వద్దు, గోరువెచ్చగా."

తాగొచ్చు. తాగొచ్చన్నది. ఎవరు తాగొచ్చన్నది? నన్ను. నేను బర్రెపాలో ఆవుపాలో తాగొచ్చని. కానీ పేరు పెట్టి నువ్వు అనలేదు గదా, తాగొచ్చు అన్నది అంతే, సక్కు తాగొచ్చు అన్నట్టు సుత అవుతది. ఆ మాటను పట్టుకొని బయటికి పోయి, రవిక విప్పి, డాక్టరమ్మ తాగొచ్చన్నది అని పిల్లను గుండెకు అదుముకుంటే ఎవరు కాదంటరు. రేపేమన్న అయితే, ఆమెనే చెప్పింది అనొచ్చు. ఒక్క నిమిషం భూలక్ష్మి ఆ మాటలో నిలబడ్డది, వాన పడుతుంటే పరాయి ఇంటి చూరు కింద నిలబడ్డట్టు. గోరువెచ్చగ అన్నది గదా, నా పాలు గోరువెచ్చగనే ఉంటయి గదా. ఆరిపోయిందనుకున్నడు నాయిన. అనుకొని వంగిండు. అనుకునుడు వేరు, అడుగుడు వేరు. అయిపోయిందా బిడ్డా అని ఆయన అడిగిండు సుత, నేను ఆఁ అన్న. అడిగినోళ్ళకు సుత సరిగ చెప్పకపోతిని, ఇప్పుడు అడగకనే చెప్పుకుందామా.

డాక్టరమ్మ సన్నటి కాయితపు పుల్ల తీసి పంట్లోకి దింపింది, తీసి చూసింది. కొస తడిగున్నది. పళ్ళెంలో వేసి ఇంకో పుల్ల. అదీ తడి. ఇంకో పుల్ల. భూలక్ష్మి కండ్లు ఆ పుల్లల మీదనే ఉన్నయి. తుడువు తల్లీ, తొందరపడకు, ఏ గంట మోగినా మోగనీ, ఇంకోసారి తుడువు. ఆరో పుల్ల పొడిగ వచ్చింది. డాక్టరమ్మ దాన్ని గోటి మీద రాసి చూసుకున్నది, సంతోషపడ్డది, మొఖంలో తెలిసింది. అప్పుడు చిన్న దూది ముక్క, ఏదో సీసాలో ముంచి, పిండి, లోపల పెట్టింది. పైన సిమెంటు నొక్కింది. దీపం ఆర్పింది. నోట్లో దూది చుట్టలన్నీ తీసింది.

"అయిపోయిందండి ఇవాళ్టికి. మందు పెట్టాను. వచ్చే మంగళవారం రండి."

ఆయమ్మ గుమ్మం కాడ నిలబడి "వీరేశం ఎవలు, వీరేశం" అని పిలుస్తున్నది. తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన బుగ్గ పట్టుకొని లోపలికొచ్చిండు. భూలక్ష్మి కుర్చీ దిగింది. మళ్ళీ పెట్టింది. ఇంకో ఎనిమిది దినాలు. ఆ నెత్తి మీద గుంట ఇంకో ఎనిమిది దినాలు ఆగుతదా. గుమ్మం దాకా పోయింది. వరండాలో ఏడుపు వినబడుతలేదు. అడగకుండ ఆ వరండాలోకి పోబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగింది. డాక్టరమ్మ వీపు ఇటు పెట్టి కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నది. ముసలాయన కుర్చీ ఎక్కుతున్నడు. భూలక్ష్మి పోయి కుళాయి పక్కన, గోడకు ఆనుకొని, ఆమె మొఖం కనబడేటట్టు నిలబడ్డది.

"నా పిల్లకు నా పాలియ్యొచ్చునా, ఇయ్యొద్దా?"

డాక్టరమ్మ తిరిగి చూసింది. మొఖం చూసి, కింద చూసింది. రవిక ముందంతా తడి, పైట తడి, కొంగు కొస దాకా దిగింది. నీళ్ళు వదిలేసిన కుళాయి అట్లనే పారుతున్నది.

"పాపకెన్నో నెలండి?"

"ఎనిమిది."

"ఇస్తున్నారు కదా ఇప్పుడు?"

"ఇస్తలేను. మీరు మందు పెట్టిన కాడికెల్లి."

"ఎవరు మానమన్నారు?"

"ఎవలనలే. పాషాణమన్నరు."

డాక్టరమ్మ తడి చేతులు అట్లనే పట్టుకొని నిలబడ్డది. "నేను అడగలేదు" అన్నది, ఎదుటి మనిషితోని అన్నట్టు కాదు, పుస్తకంలో చదవక వదిలేసిన వరుస చూసుకున్నట్టు. "చిన్నపిల్ల ఉందా అని నేనే అడగాల్సింది." తరువాత గొంతు దిగి, తొందర తొందరగ చెప్పింది. ఆవగింజలో సగం కూడా లేదండి అది, పంట్లో పెట్టి పైన మూసేశాం, ఇవాళ తీసేసి కడిగి పారేశాను, ఇప్పుడు పెట్టింది వేరే, పాలల్లోకి ఏదీ రాదు. బర్రెపాలతోని నీళ్ళ విరేచనాలు పట్టినయన్నది భూలక్ష్మి. విరేచనాలా? ఎన్నిసార్లు? ఎప్పటినుంచి? భూలక్ష్మి వేళ్ళ మీద లెక్క చెప్తుంటే ఆమె చీటీ మీద రాసింది, ఎదుటి బంగళాలో పిల్లల డాక్టరుంటారు, ఇది చూపించండి, ఇవాళే, ఇంటికి పోయే ముందే. "కానీ ముందు పాలివ్వండి. ఇప్పుడే. ఇక్కడే కూర్చుని ఇవ్వండి."

వరండాలో స్తంభం కాడ నీలమ్మ కాళ్ళు చాపుకొని కూర్చున్నది. ఒళ్ళో సక్కు కండ్లు తెరిచే ఉన్నది, ఏడ్చి ఏడ్చి ఊరుకున్నది, ఊపిరి తీసుకున్నప్పుడల్లా గదువ వణుకుతున్నది. పక్కన పాలసీసా సగానికి సగం అట్లనే ఉన్నది. భూలక్ష్మి పిల్లను అందుకొని, గోడ దిక్కు తిరిగి కూర్చొని రవిక ముడి విప్పింది. నీలమ్మ చూసింది. తడి చూసింది, ముడి చూసింది.

"ఇంకిపోయినయంటివి?"

"ఇంకలే అత్తమ్మ. నేనే ఇయ్యలే. డాక్టరమ్మ పెట్టిన మందు పిల్లకెక్కుతదని భయపడ్డ. నీకు చెప్తే పన్ను సోకుకు పిల్లను చంపుతున్నవంటవని చెప్పలే."

నీలమ్మ తిడుతదనుకున్నది. ఈ ఎనిమిది దినాల బొబ్బెర్లు, వెల్లిగడ్డలు, అన్నీ తీసి మొఖాన కొడుతదనుకున్నది. నీలమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టి మెల్లగ లేచి, కొంగు విడిచి రెండు చేతులతో తెరలెక్క పట్టుకొని, వచ్చేపోయే జనానికి అడ్డం నిలబడ్డది. సక్కు మొదట మొఖం తిప్పుకున్నది. తల్లి నోట్ల నుంచి కొత్త వాసన, ఎనిమిది దినాల కోపం. పాలు వాటంతటవే చెంప మీద పడి చెవి దాకా జారినయి. తుడుస్తుంటే పిల్ల నాలుక చాపింది, వెతికింది, పట్టుకున్నది. ఒక్క గుక్క. ఆగి తల్లి కండ్లలోకి చూసింది. రెండో గుక్క. నడినెత్తిన ఆ మెత్తటి చోటు, పిల్ల గుంజినప్పుడల్లా కదులుతున్నది. భూలక్ష్మి దాని మీద చెయ్యి పెట్టలేదు, చూసుకుంట కూర్చున్నది. అప్పుడు సుర్రుమని కోసినట్టయింది. పాలు దిగే నొప్పి కాదు, ఇది వేరే, కత్తి అంచు లాంటిది. వేలు పెట్టి పిల్ల కింది పెదవి వంచి చూసింది. ఎర్రటి చిగురును చీల్చుకొని, బియ్యపు గింజ కొసంత, తెల్లగ.

"ఇదెప్పుడొచ్చింది?"

"నాలుగొద్దులాయె" అన్నది నీలమ్మ, కొంగు దించకుండ, అటు దిక్కే చూసుకుంట. "చెంచ తాకి టిక్కుమన్నది. నీకెరుకనే అనుకున్న."

సక్కు మళ్ళీ కొరికింది. భూలక్ష్మి విడిపించుకోలేదు.